కలివికోడి: పేరు, పలుకు, పుట్టుక – తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షుల పిచ్చి ఉందని తెలిస్తే చాలు, పెళ్ళి భోజనాల దగ్గర కూడా జనం వదలరు. "అన్నా, ఈ కలివికోడి అంటే ఏంది? నాటుకోడి లాంటిదా?" అని అడుగుతారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఒక రకంగా అడుగుతారు, భాష మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఇంకో రకంగా అడుగుతారు. ఇన్నేళ్ళుగా నోటితో చెప్పిన జవాబులన్నీ ఒకచోట రాస్తే నాకూ గొంతు నొప్పి తగ్గుతుందని ఈ పేజీ.

కలివికోడి అంటే ఏ పక్షి?

కడప జిల్లా లంకమల అడవుల అంచున, ముళ్ళపొదల మధ్య రాత్రిపూట తిరిగే నేలపిట్ట. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు. పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు, అంటే స్కూలు స్కేలుకు కాస్త తక్కువ. ఒళ్ళంతా మట్టి రంగు, గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ, కళ్ళ మీద వెడల్పాటి తెల్లని చార, పొడుగు కాళ్ళు. రాత్రి పక్షి కాబట్టి కళ్ళు పెద్దవి. ఎగరగలదు, కానీ నడకా పరుగే దానికి ఇష్టం. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ లేదు.

పేరుకు అర్థం ఏమిటి?

కలివి చెట్ల దగ్గర తిరిగే కోడి. అంతే. ఇందులో దేవుడి కథ లేదు, రాజుగారి కథ లేదు. చాలామందికి ఈ జవాబు నిరాశగా ఉంటుంది, నాకు మాత్రం భలే నచ్చుతుంది. పక్షి ఎలా ఉంటుందో ఈ పేరు చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. అడ్రసునే పేరుగా పెట్టుకున్న పిట్ట అన్నమాట. ఒకసారి బద్వేలు వైపు మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన్ని, ఆ పేరెందుకు వచ్చిందని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కలివి చెట్లకాడ తిరుగుతాది నాయనా. ఇంకేమని పిలవాల దాన్ని?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కలివి అంటే వాక్కాయా?

దగ్గరి చుట్టమే కానీ అదే కాదు. పప్పులోనూ పులిహోరలోనూ వేసుకునే వాక్కాయ పెద్దది, చాలా పుల్లన. కలివి అడవి మొక్క, కాయ చిన్నది. రెండూ శాస్త్రవేత్తల లెక్కలో కారిస్సా అనే ఒకే ప్రజాతివి.

కలివి పొద నడుమెత్తు నుంచి మనిషెత్తు వరకు పెరుగుతుంది. కొమ్మలకు జంటజంటగా ముళ్ళు, కొన్ని ముళ్ళు కొసన చీలి కూడా ఉంటాయి. చొక్కా పట్టుకుంటే వెనక్కి లాగిన కొద్దీ ఇంకా చిక్కుకుంటుంది, ముందుకు వంగి విడిపించుకోవాలి. పూలు తెల్లగా, చిన్న చుక్కల్లా, సన్నజాజిని గుర్తు చేసే వాసనతో ఉంటాయి. కాయ తెంపితే పాలు కారతాయి. పచ్చిగా ఉన్నది ఎర్రబడి, పండితే నల్లగా నిగనిగలాడుతుంది. మా జేజి మధ్యాహ్నం పూట కొంగులో మూటగట్టుకొచ్చి పిల్లలకు పంచేది. నాలుగు తింటే తీపి, పది తింటే పెదాలు జిగురుగా అంటుకునేవి. ఈ పండును ఊరికో రకంగా అంటారు: కలివి పండ్లు, కలిమి పండ్లు, కలే పండ్లు. తమిళులు ఈ కుటుంబం కాయను కళాక్కాయ్ అంటారు. "కలే"కీ "కళా"కీ పోలిక చెవికే తెలిసిపోతుంది.

రాయలసీమలో పెరిగిన చాలామందికి పండు తెలుసు, పక్షి తెలియదు. పండును గుర్తు చేస్తే పక్షి పేరు ఇక మరిచిపోరు, నేను ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇది నిజంగా కోడి జాతేనా?

కాదు. కోడికీ దీనికీ చుట్టరికం లేదు. చెరువు గట్ల మీద, బీళ్ళలో కనిపించే చితవ పిట్టలు, సముద్రపు ఒడ్డున తిరిగే ఉల్లంకులు, ఇవీ దీని బంధువులు. తేడా చూడాలంటే కాలు చూడండి. కోడికి ముందు మూడు వేళ్ళు, వెనక ఒక వేలు. కలివికోడికి వెనక వేలే లేదు. పరుగెత్తే పిట్టకు వెనక వేలు అడ్డం. ఈ ఒక్క విషయం పరిశోధకులకు బాగా పనికొచ్చింది. రాత్రిపూట కనిపించని పిట్టను వెతకలేక, పొదల మధ్య సన్నని మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వెళ్ళి ఏ పిట్ట అడుగులు పడ్డాయో చూసేవారు. మూడు వేళ్ళ ముద్ర పడితే గుండె కొట్టుకునేదట, ఆ పక్కనే వేరే పిట్టల అడుగులు కూడా పడి ఉంటాయి కాబట్టి కొలతలు తీసి మరీ తేల్చుకోవాలి.

మరి కోడి అని ఎందుకు అన్నారు?

ఎందుకంటే తెలుగువాడికి కోడి అంటే ఒక జాతి మాత్రమే కాదు, ఒక నడక. నేల మీద నడుస్తూ, గింజో పురుగో ఏరుకు తింటూ, మనిషిని చూస్తే ఎగరకుండా పొదలోకి దూరే పిట్ట ఏదైనా మన నోట కోడే. నీటికోడి కోడి కాదు, బొల్లికోడి కోడి కాదు, రెండూ చెరువుల్లో ఈదే పక్షులు. అయినా ఆ పేర్లకు ఎవరూ అభ్యంతరం చెప్పరు.

దీనికి అచ్చంగా సరిపోయే జోడీ ఇంకొకటి ఉంది: జెముడుకాకి. జెముడు ఒక మొక్క, కాకి ఒక పక్షి. కానీ జెముడుకాకి కాకి కాదు, కోయిల కుటుంబానికి చెందినది. మొక్క పేరు ముందు, తెలిసిన పక్షి పేరు వెనక. కలివికోడి కూడా అదే అచ్చులో పోసిన మాట. పల్లెల్లో పక్షులకు పేర్లు పెట్టేవాళ్ళకు వర్గీకరణ టెన్షన్ లేదు, పక్కవాడికి చెబితే అర్థమైతే చాలు.

ఎలా పలకాలి?

క, లి, వి మూడూ పొట్టిగా. కో మాత్రం సాగదీయాలి. డి మళ్ళీ పొట్టి. క-లి-వి-కోో-డి. ఒత్తులు లేవు, ద్విత్వాలు లేవు. తెలుగువాళ్ళకు ఇది నేర్పాల్సిన పని లేదనుకుంటాం, కానీ పొరపాట్లు ఎక్కడెక్కడ జరుగుతాయో వినండి.

"కళివి" అనేవాళ్ళు ఉన్నారు. బరువైన ళ పెడితే పాతకాలపు మాటలా గంభీరంగా ఉంటుందని కాబోలు. అక్కర్లేదు, మామూలు ల.

"కాలివికోడి" అని మొదటి అక్షరాన్ని సాగదీస్తారు, ఇంగ్లీషు అక్షరాల్లో చదివినవాళ్ళు ముఖ్యంగా. అప్పుడది కాలికి సంబంధించినదేదో అయిపోతుంది.

బయటి రాష్ట్రాల నుంచి కెమెరాలు వేసుకొచ్చే మిత్రులు "కలివికొడి" అంటారు. ఇంగ్లీషు రాతలో కొ, కో ఒకేలా ఉంటాయి కదా, వాళ్ళ తప్పు కాదు. కానీ తెలుగులో కొడి అంటే దీపపు వత్తి కొసన కట్టే నల్లని మసి. "దీపం కొడిగట్టింది" అంటాం చూడండి, ఆ కొడి. ఇలాంటి అరుదైన పక్షి విషయంలో ఆ మాట వినడానికి కూడా మనసొప్పదు. ఇక డి బదులు మెత్తగా తి అన్నారంటే కోతి అవుతుంది. ఒకాయన జీపులో కూర్చుని "కలివికోతి ఎక్కడ?" అని అడిగితే డ్రైవరు నిజంగానే చెట్ల మీద వెతికాడు.

కలిపి రాయాలా, విడదీసి రాయాలా? బహువచనం ఏమిటి?

సమాసం కాబట్టి కలిపి రాయడమే నాకు ఇష్టం: కలివికోడి. విడదీసి "కలివి కోడి" అని రాసినా తప్పని ఎవరూ అనరు. నెట్‌లో వెతికేటప్పుడు రెండు రకాలుగానూ కొట్టి చూడండి. బహువచనం కలివికోళ్ళు. బండి బళ్ళు అయినట్టే కోడి కోళ్ళు. "కలివికోడులు" అని ఒక ప్రశ్నపత్రంలో చూశాను, దాన్ని రాసిన పెద్దమనిషి ఇంట్లో కోళ్ళను కూడా కోడులు అంటాడేమో అడగాలనిపించింది.

కలువ, కలిమి, కలివిడి... వీటితో ఏమైనా సంబంధం ఉందా?

కలువతో అసలు లేదు. కలువ నీళ్ళలో ఉంటుంది, ఈ పిట్ట నీళ్ళ ఛాయలకు దూరంగా రాళ్ళనేల మీద ఉంటుంది. ఫోన్ కీబోర్డు "కలివి" అని కొట్టగానే "కలువ" అని దిద్దేస్తుంది, అక్కడి నుంచి పుట్టిన గందరగోళం ఇది.

కలివిడితో కూడా లేదు. కలివిడిగా ఉండటం అంటే నలుగురితో కలిసిపోవడం. ఈ పక్షి స్వభావం దానికి పూర్తిగా విరుద్ధం. చీకటి పడ్డాక ఒంటరిగానో జంటగానో తిరుగుతుంది, వెలుతురు పడితే బొమ్మలా నిలబడిపోతుంది.

కలిమి మాట కొంచెం వేరు. పండును కలిమి పండు అనే చోట్ల ఉన్నవాళ్ళకు సంపద గుర్తుకు రావడం సహజం. "కలిమి తెచ్చే కోడి" అని ఒకరు నాకు వివరించారు కూడా. వినడానికి బాగుంది, కానీ అది పేరు పుట్టాక అల్లుకున్న అర్థం. వ, మ ఒకదానికొకటి మారడం మన నోళ్ళలో మామూలే: మామను మావ అంటాం. కలివి కలిమి కావడం కూడా అలాంటిదే.

ఈ పేరు ఎవరు పెట్టారు? పుస్తకాల్లోకి ఎప్పుడు వచ్చింది?

పెట్టింది లంకమల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఇక్కడే అసలు కథ ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

థామస్ జెర్డన్ ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులో కూడా పనిచేశాడు. వైద్యం కంటే పక్షుల మీదే ఆయనకు ధ్యాస ఎక్కువ. 1848లో ఈ పిట్ట ఆయన ద్వారానే బయటి ప్రపంచానికి తెలిసింది. నెల్లూరు, కడప ప్రాంతాల్లో ఉందని రాశారు. తర్వాత బ్లాన్‌ఫర్డ్ అనే ఇంకో పరిశోధకుడు గోదావరి లోయలో, సిరొంచ, భద్రాచలం వైపు చూశాడు. ఆనాటి ఇంగ్లీషు పక్షి గ్రంథాల్లో దీని తెలుగు పేరు "అడవ వుట తిత్తి" అన్నట్టుగా ఉంటుంది. తెల్లదొరలు చెవికి విన్నది తమ అక్షరాల్లో రాసుకున్నారు, దాన్ని మనం తిరిగి తెలుగులోకి తెచ్చుకుంటే ఇలా తయారైంది. మొదటి ముక్క అడవి అని స్పష్టమే. మిగతాది చితవ, తిత్తిరి లాంటి కూత మాట అయి ఉండొచ్చని నా ఊహ, అంతకు మించి పందెం కాయను.

1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాక ఈ పిట్ట జాడ పోయింది. ఎవరు వెతికినా దొరకలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్ళీ వెతుకులాట మొదలుపెట్టింది. శాస్త్రవేత్త భరత్ భూషణ్ కడప జిల్లా ఊళ్ళలో తిరిగి బొమ్మలు చూపించి వేటగాళ్ళనూ పశువుల కాపరులనూ అడిగారు. బొమ్మ చూసినవాళ్ళకు అది వింత కాలేదు. ఇది మా కలివికోడే కదా అన్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర అక్కడి మనిషే ఒకరు రాత్రి టార్చి వెలుతురులో పిట్టను పట్టుకున్నారు. పాపం అది ఎక్కువ రోజులు బతకలేదు. కానీ 86 ఏళ్ళ తర్వాత పిట్ట ఉందని తేలింది. పేరుమోసిన పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ అప్పటికి ముసలితనంలో ఉన్నారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. పిట్ట దొరికిన కబురు మాత్రం ఆయన విన్నారు.

పుస్తకాలు పోగొట్టుకున్న పిట్టకు ఊళ్ళో ఒక వాడుక పేరు ఉందంటే, ఎవరో ఒకరు దాన్ని చూస్తూనే ఉన్నారని కదా అర్థం. ఎవరూ చూడని పిట్టను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆ పేరు ముందే ఎవరి చెవినైనా పడి ఉంటే, కలివి పొదలు ఎక్కడున్నాయో అడిగి నేరుగా అక్కడికే వెళ్ళేవారేమో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

జెర్డన్స్ కోర్సర్ అనే ఇంగ్లీషు పేరు సంగతి?

జెర్డన్ అంటే పైన చెప్పిన డాక్టరుగారు. తెలుగు పేపర్లలో ఒక్కోసారి "జోర్డాన్" అని పడుతుంది. జోర్డాన్ దేశానికీ ఈ పిట్టకూ ఏ సంబంధమూ లేదు, అది అక్కడికి వెళ్ళే రకం కూడా కాదు. కోర్సర్ అంటే పరుగు తీసేది. లాటిన్‌లో పరుగెత్తడం అనే మాట నుంచి వచ్చింది. మీ కంప్యూటర్ తెర మీద టకటకమనే కర్సర్ కూడా ఆ ఇంటి మాటే.

శాస్త్రీయ నామానికి అర్థం ఏమిటి? అదెలా పలకాలి?

రైనోప్టిలస్ బైటార్క్వేటస్. భయపడకండి, ముక్కలు చేస్తే తేలికే. రైనో అంటే గ్రీకులో ముక్కు. ఖడ్గమృగాన్ని రైనో అనేది ముక్కు మీది కొమ్మును చూసే. ప్టిలస్ ఈక. హెలికాప్టర్‌లోని "ప్టర్", అంటే రెక్క, దీని బంధువే. ముక్కు మొదట్లో ఈకలున్నది అని మొత్తం అర్థం. రెండో మాట అందంగా ఉంటుంది. బై అంటే రెండు. టార్క్వేటస్ అంటే మెడకు వలయం వేసుకున్నది. పిట్ట రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, మధ్యలో తెలుపు, మన పెద్దవాళ్ళు వేసుకున్న కంటెలు రెండు వరసగా వేసినట్టు. తెలుగులో చెప్పుకోవాలంటే "రెండు కంటెల పిట్ట" అనుకోవచ్చు.

ఈ పేరు పెట్టింది జెర్డన్ కాదు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్. ఆయన మొదట ఈ పిట్టను పొడుగు కాళ్ళది అనే అర్థం వచ్చే ప్రజాతిలో చేర్చాడు, తర్వాత అది మారింది. మ్యూజియంలో చచ్చిన పిట్టను బల్ల మీద పెట్టుకుని పేరు పెట్టే మనిషికి కాళ్ళు, ముక్కు, రొమ్ము కనిపిస్తాయి. మేకల కాపరికి పొద కనిపిస్తుంది.

ఎర్ర చితవ, కలివికోడి ఒకటేనా?

కాదు, అన్నదమ్ముల బిడ్డలు. ఎర్ర చితవ పగలు, బీడు నేలల్లో, వానలు లేని కాలంలో దున్నిన పొలాల్లో కూడా కనిపిస్తుంది. రంగు బాగా ఎర్రగా ఉంటుంది, రొమ్ము మీద పట్టీలు ఉండవు. "మా పొలంలో కలివికోడి చూశాను" అని నాకొచ్చే ఫొటోల్లో చాలా వరకు చితవలే. పగటి ఎండలో తీసిన ఫొటో అయితే ఆశ పెట్టుకోకండి.

కూతను బట్టి ఈ పేరు వచ్చిందా?

లేదు. కాకి, కోయిల లాంటి పేర్లలో కూత వినిపిస్తుంది, ఇందులో వినిపించదు. దీని కూత ఏమిటో శాస్త్రవేత్తలకు 2000 తర్వాత గానీ తెలియలేదు. ట్విక్-టూ, ట్విక్-టూ అని రెండేసి ముక్కలుగా, పొద్దు గూకి చీకటి చిక్కబడ్డాక కాసేపు మాత్రమే కూసి ఆపేస్తుంది.

ఇది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కదా?

కాదు. ఆంధ్రప్రదేశ్‌కు రామచిలుక, తెలంగాణకు పాలపిట్ట. పోటీ పరీక్షల పిల్లలు ఇక్కడ మార్కు పోగొట్టుకుంటారు. అయితే 1988లో దీని బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. అదే ఏడాది లంకమల్లేశ్వర అభయారణ్యం కూడా ఏర్పాటైంది.

కడప జిల్లా బయట దీని ఆనవాలు ఏమైనా దొరికిందా?

ఒక గుడ్డు దొరికింది, అదీ స్కాట్లండ్‌లో. అబెర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉన్న పాత గుడ్డు ఒకటి ఈ పిట్టదేనని డీఎన్‌ఏ పరీక్షతో తేల్చారు. అది 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించింది. అంటే 1900 తర్వాత కూడా కర్ణాటక సరిహద్దు దాకా ఇది ఉండేదన్నమాట. అక్కడ దీన్ని ఏమని పిలిచేవారో ఆ గుడ్డు చెప్పలేదు.

ఇప్పటికీ ఉందా? చూడటానికి వెళ్ళొచ్చా?

అంతరించే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో ఇదొకటి. పొదలు నరకడం, రాళ్ళ తవ్వకం, పశువుల ఒత్తిడి, అన్నీ కలిసి దాని చోటును కుదించాయి. తెలుగుగంగ కాలువ తవ్వకం ఒకప్పుడు దాని నేలలోకే వచ్చింది, గొడవ తర్వాత కాలువ దారి మార్చారు. 2009 ప్రాంతం నుంచి చాలా ఏళ్ళు గట్టి ఆధారమేదీ లేదు. 2025 ఆగస్టులో కడప వైపు పక్షి పరిశీలకులు దీని కూత రికార్డు చేశారని వార్త వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను, ఆ రోజు ఇక పని సాగలేదు.

వెళ్ళొచ్చా అంటే, అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రిపూట లోపలికి వెళ్ళకూడదు. టార్చీలు వేసుకుని, ఫోన్‌లో కూత మోగించి దాన్ని పిలవడం అసలే వద్దు. నేనూ ఇంతవరకు చూడలేదు. అనుమతితో రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ కలివి ముళ్ళు గీరిన చేతులతో తిరిగొచ్చాను.